సాక్ష్యంలో చెప్పని రెండేళ్ళు

పోయిన నెలలో మా చర్చిలో యువజనుల కూటం జరిగింది. అంశం, లోకంలో ఉంటూనే లోకానికి వేరుగా బతకడం. ప్రసంగించడానికి వచ్చినాయన బాగానే మాట్లాడాడు. మంచి గొంతు, కొంచెం హాస్యం, మధ్యలో రెండు పాటలు. గంటంపావులో "క్రైస్తవుడు వేరుగా కనిపించాలి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు కానీ, వేరుగా కనిపించడానికి ఆయన చెప్పిన పద్ధతులన్నీ ఫోన్లో రాసుకున్నాను (మీటింగులో కూర్చుంటే చెయ్యి ఊరుకోదు, ఉద్యోగం చేసిన అలవాటు). బొట్టు పెట్టుకోకూడదు. ప్రసాదం తినకూడదు. వినాయకుడి చందా ఇవ్వకూడదు. సినిమాలకి పోకూడదు. ముహూర్తాలు చూడకూడదు. టాటూ వేయించుకోకూడదు. వాట్సాప్‌లో పండగ శుభాకాంక్షలు పంపకూడదు. మొత్తం పద్నాలుగు వచ్చాయి. అన్నీ "కూడదు"లే.

చివర్లో ప్రశ్నల సమయం. వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. బీటెక్ అయిపోయి ఏడాదిన్నర. "బ్రదర్, రెజ్యూమేలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టొచ్చా? అందరూ పెడుతున్నారు. పెట్టకపోతే కాల్స్ రావట్లేదు" అన్నాడు. హాలంతా నవ్వింది. ప్రసంగీకుడు కూడా నవ్వి, "ప్రార్థన చెయ్ తమ్ముడూ, దారి ఆయనే చూపిస్తాడు" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. తర్వాతి ప్రశ్న టాటూ గురించి. దానికి పది నిమిషాలు పట్టింది.

కూటం అయ్యాక బైకుల దగ్గర ఆ కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. "అన్నా, మీరు ఇదే ఫీల్డ్ కదా. మీరైతే ఏం చేసేవాళ్ళు?" నేనూ అదే మాట చెప్పాను. ప్రార్థన చెయ్యమని.

నేనేం చేశానో వాడికి చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను. నేను 2010లో ఇంజనీరింగ్ పూర్తి చేశాను. రెండేళ్ళు ఖాళీ. 2012లో అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి నలభై వేలు కట్టి, ఎన్నడూ అడుగుపెట్టని ఒక కంపెనీలో రెండేళ్ళు పనిచేసినట్టు కాగితం తెచ్చుకున్నాను. పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, అన్నీ వాళ్ళే ఇచ్చారు. మూడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం ఒంగోలు దగ్గర మా ఊరి చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. రెండేళ్ళు నేను ఎలా కన్నీళ్ళతో ప్రార్థించానో, దేవుడు ఎలా ఉద్యోగం ఇచ్చాడో. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఏడ్చింది. మొదటి జీతంలో దశమభాగం కవర్లో పెట్టి ఇచ్చాను. అయ్యగారు ఆ కవరు పైకెత్తి ప్రార్థన చేశారు.

ఆ రోజు నేను బొట్టు పెట్టుకోలేదు. ప్రసాదం తినలేదు. ఆ పద్నాలుగు కూడదుల్లో ఒక్కటి కూడా తప్పలేదు. మా సంఘం కొలబద్ద ప్రకారం నేను వేరుగా బతుకుతున్న యువకుణ్ణి.

నా గొడవ ఆ కొలబద్దతోనే.

మొదటి నుంచీ మనవాళ్ళ కొలబద్ద ఇదే అయ్యుంటే నేనింత రాసేవాణ్ణి కాదు. మా ప్రాంతం సంగతి తీసుకుంటాను, నాకు తెలిసింది అదే. 1866 మార్చిలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు రాజయోగ గురువుల వెంట తిరిగినవాడు, దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాడు. బాప్తిస్మం ఇచ్చింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం మొదలైనప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. ఆ తొలిరోజుల్లో కొత్తగా చేరినవాళ్ళకి పెట్టిన నియమాలు మూడే మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు.

ఇవి కూడా "వద్దు"లే కదా అంటారేమో. ఒక్కోటీ ఎక్కడ తగిలిందో చూడండి.

మాదిగవాడు ఊరికి కట్టుబడ్డ మనిషి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. మోట బావికి తోలు బాన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, కోతలకి పోవాలి, చచ్చిన గొడ్డుని లాక్కుపోవాలి. అలాంటి మనిషి ఏడు రోజుల్లో ఒకరోజు నేను రాను అన్నాడంటే అది భక్తి ఒక్కటే కాదు, ఊరితో ఉన్న ఒప్పందాన్ని తిరగరాయడం. ఆ రోజు నాది, నీది కాదు అనడం. చచ్చిన గొడ్డు వాడి కూలిలో భాగం. దాన్ని తినను అంటే కడుపులోకి పోయేదాన్ని వదులుకున్నట్టు. విగ్రహానికి మొక్కను అంటే జాతరలో డప్పు కొట్టను అని కూడా. డప్పు లేనిదే ఊళ్ళో జాతర కదలదు. అందుకే ఊరు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, కొట్టారు, దొంగ కేసులు పెట్టించారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. డప్పు మాన్పించడం వల్ల మాదిగలు తమ కళని పోగొట్టుకున్నారని, మిషనరీలు దాన్ని సైతాను వాద్యం చేశారని దళిత ఉద్యమం చేసిన విమర్శ నాకు తెలుసు. అందులో నిజముంది. ఇవాళ డప్పు ఆత్మగౌరవ చిహ్నంగా తిరిగి వచ్చిందంటే సంతోషించేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ తన డప్పు తను కొట్టుకోవడం వేరు, ఊరి దేవతకి చాకిరీగా కొట్టడం వేరు. ఆ మొదటి తరం కాదన్నది రెండోదాన్ని. మొదటిది కూడా దాంతో పాటు పోయింది, అది నష్టమే.

కరువు సంగతి కూడా చెప్పాలి. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని తెలిసిన మనిషి కాబట్టి చేయగలిగాడు. వేలమంది ఆ పని మీద బతికారు. అప్పుడు బాప్తిస్మం ఇస్తానంటే లైను కట్టేవాళ్ళు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆపేశాడు. సాయం ఆగాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. చర్చి వార్షికోత్సవాల్లో ఈ అంకె ప్రతిసారీ చెప్తారు. దానికి ముందు ఆపిన నెలల గురించి ఎవరూ చెప్పరు. నాకైతే ఆ నెలలే గొప్పగా కనిపిస్తాయి. చేతిలో ఉన్న అవకాశాన్ని వాడుకోకుండా ఉండడం ఒకటి ఉంది చూశారా, అది.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' చదివినవాళ్ళకి ఈ కాలువ గుర్తుండే ఉంటుంది. శివయ్య సీమోనయ్యేది ఆ కాలువ పనుల కాలంలోనే. ఆ నవలలో నాకు నచ్చింది ఒకటే, విశ్వాసాన్ని అది కూలి, ఆకలి, అవమానం నుంచి విడదీయదు. మతం మారడాన్ని మోసంగానూ చూపించదు, మంత్రంగానూ చూపించదు. మన సాహిత్యంలో మిగతాచోట్ల క్రైస్తవులంటే ఎవరు? ఆసుపత్రిలో నర్సు మేరీ, స్కూల్లో టీచరు రోజీ, పెళ్ళి చేయించే ఫాదరు. వాళ్ళకి ఇల్లుండదు, అప్పులుండవు, ఆఫీసులో టైమ్‌షీటు ఉండదు. ఈ విషయంలో మన కథలూ మన ప్రసంగాలూ ఒకటే. రెండింట్లోనూ క్రైస్తవుడికి వేషం మాత్రమే ఉంటుంది, సోమవారం ఉండదు.

పేరయ్య తరం నాటి మూడు నియమాలు వాళ్ళ సోమవారం గురించి. పని, తిండి, ఊరితో సంబంధం. మన పద్నాలుగు కూడదులు దేని గురించి? హైదరాబాదులో మాదాపూర్ ఆఫీసులో నేను లడ్డూ వద్దంటే ఏమవుతుంది? పక్క సీటు అమ్మాయి "ఓ, సారీ" అని తనే తినేస్తుంది. అంతే. నా జీతం తగ్గదు, ప్రమోషన్ ఆగదు. ఆరేళ్ళు అలా లడ్డూలు వద్దన్నాను. వద్దన్న ప్రతిసారీ లోపల ఒక చిన్న హతసాక్షి తయారయ్యేవాడు. అదే ఆరేళ్ళలో ఒక శుక్రవారం మా మేనేజరు, పని లేని ఇద్దరి గంటలు క్లయింటు బిల్లులో వేయమంటే, కిమ్మనకుండా వేశాను. ఆ శుక్రవారం నాకు వాక్యమేమీ గుర్తు రాలేదు.

ప్రసాదం గురించి పౌలు కొరింథీ సంఘానికి రాసినదాన్ని మనవాళ్ళు ఎంత చదువుతారో నాకు అనుమానమే. విగ్రహమనేది ఏమీ లేదు కాబట్టి అంగట్లో అమ్మేది అడగకుండా తినండి అంటాడు. విందులో ఎవరైనా ఇది అర్పించింది అని చెప్తే మానండి, అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం అంటాడు. పూజా బల్ల దగ్గర కూర్చోవద్దని గట్టిగానే చెప్తాడు. మొత్తం మీద అది తిండి మీద వాదన తక్కువ, పక్కవాడి మీద పట్టింపు ఎక్కువ. నేను ఇప్పటికీ ప్రసాదం తినను. నా మనస్సాక్షి అలా పెరిగింది, దాన్ని మార్చుకోవాలనీ లేదు. కానీ దాన్ని సాక్ష్యం అని పిలవడం మానేశాను.

బాప్తిస్మమిచ్చే యోహాను ఉన్నాడు చూడండి. లోకానికి వేరుగా కనిపించడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఒంటె రోమాల బట్ట, తోలు నడికట్టు, తిండికి మిడతలు, అడవి తేనె. జనం ఆయన దగ్గరికి వచ్చి, మరి మేమేం చేయాలి అని అడుగుతారు, లూకా రాసిన దాంట్లో. ఆయన ఒంటె రోమాలు కట్టుకోండి అనడు. సుంకం వసూలు చేసేవాళ్ళతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దంటాడు. సిపాయిలతో, బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో సరిపెట్టుకోండి అంటాడు. రెండు చొక్కాలున్నవాడితో, ఒకటి లేనివాడికివ్వు అంటాడు. ఎవరి వృత్తిని బట్టి వాళ్ళకి జవాబు. ఆ ఉద్యోగంలో తప్పు ఎక్కడ సులువో సరిగ్గా అక్కడ వేలు పెట్టాడు. ఆ వరసలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నిలబడి ఉంటే ఆయన టాటూల గురించి మాట్లాడేవాడా? నాకైతే బిల్లింగు గురించీ, రెజ్యూమే గురించీ, ప్రాక్సీ ఇంటర్వ్యూల గురించీ అడిగేవాడనిపిస్తుంది. మన ప్రసంగీకుడు మాత్రం ఆ ప్రశ్నని నవ్వులో కొట్టేశాడు.

ఇంకోటి. ఈ వేరుగా కనిపించడం అనే బరువు ఎవరి మీద ఉందో ఎప్పుడైనా చూశారా? జీన్సూ టీషర్టూ వేసుకుని నేను రోడ్డు మీద పోతుంటే నా మతం దేవుడికి కూడా కనపడదు. నా భార్య గుమ్మం దిగితే చాలు, వీధంతటికీ తెలుస్తుంది. బోసి నుదురు, పూలు లేని జడ. ఇల్లు అద్దెకి వెతుకుతున్నప్పుడు ఫోన్లో నాతో "రండి సార్, చూసుకోండి" అన్న ఇంటాయన, ఆమె నుదురు చూసి "మా వాళ్ళని ఒకసారి అడిగి చెప్తాను" అన్నాడు. అలా మూడు ఇళ్ళు. శుభకార్యానికి పిలిచి బొట్టు పెట్టబోయి ఆగిపోయే చేతులు, "మీరు పెట్టుకోరు కదా" అనే చూపులు, ఆఫీసులో సంప్రదాయ దుస్తుల రోజున అడిగే ప్రశ్నలు, ఇవన్నీ ఆమెకే. నియమం చేసింది మగవాళ్ళు, మోస్తున్నది ఆడవాళ్ళు, సంఘానికి వచ్చిన మంచిపేరు అందరిదీ. మగవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నుదుటి మీద కనిపించే నియమం ఒక్కటీ లేదు. జేబులో కనిపించేవి ఉండాలి. కట్నం ముట్టుకోకూడదు అనేది ఉండొచ్చు కదా?

కట్నం గురించి పెద్దగా రాయాల్సిందేమీ లేదు, అందరికీ తెలుసు. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదువుతారు. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అంటారు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అప్పటినుంచీ చూసుకున్నా, మాట్లాడుకున్న సొమ్ము సంగతి తెలిసిన పెద్దలు ముందు బెంచీలోనే కూర్చుని ఉంటారు. నేను హాజరైన పెళ్ళిళ్ళలో ఒక్కరు లేవడం చూడలేదు. నేనూ లేవలేదు. నా పెళ్ళిలో తీసుకోలేదు, అది కూడా నా గొప్ప కాదు, మా ఆవిడ ముందే చెప్పేసింది. ఇక కులం. క్రైస్తవ పెళ్ళి సంబంధాల పేజీలు చూస్తే ఏ మాలవాడు, ఏ మాదిగవాడు, ఏ రెడ్డి, ఏ కమ్మ, ఎవరి వరస వాళ్ళకి చక్కగా విడదీసి ఉంటుంది. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె తింటారు, పెళ్ళి భోజనం దగ్గరికి వచ్చేసరికి విస్తళ్ళు వేరు. ఇంతకన్నా లోకంతో కలిసిపోవడం ఇంకేముంటుంది? దీనికి లేని ఉపవాస ప్రార్థనలు టాటూకి ఉన్నాయి.

ఇప్పుడు నాన్న గురించి చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు, కానీ చెప్పకపోతే నా వాదన సగం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవుడికి బీసీ-సి, ఒక్క శాతం. దాంతో మా పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ రెండు పేర్లు. బాప్తిస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్టు పేరు ఒకటి. నాన్న, బాబాయి ఒకే తల్లి పిల్లలు. బాబాయి ఎస్సీ సర్టిఫికెట్టు తీసుకున్నాడు, గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, ఒంగోలులో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. నాన్న ఎమ్మార్వో ఆఫీసుకి పోయి, మేము క్రైస్తవులం, బీసీ-సి అని రాయండి అన్నాడు. అక్కడి గుమాస్తా జాలిపడి, "ఎందుకయ్యా, ఇంకోసారి ఆలోచించుకోపో" అన్నాడట. నాన్న ఆలోచించుకోలేదు. ప్రైవేటు బడిలో పంతులుగా చేరి అక్కడే రిటైరయ్యాడు. ఆ సర్టిఫికెట్టు వల్లే నా ఇంజనీరింగు ఫీజుకి అమ్మ గాజులు పోయాయి.

బాబాయి తప్పు చేశాడని నేననను. అంటరానితనం మతం చూసి తగలదు. చర్చికి పోయినంత మాత్రాన టీ కొట్టులో గ్లాసు మారలేదు. నీ దేవుడు ఎవరో చెప్తే నీ హక్కు ఇస్తామనే చట్టం మనిషి చేత అబద్ధం ఆడిస్తుంది, ఆ అబద్ధంలో పెద్ద వాటా చట్టానిదే. ఈ మతపు షరతు తీసేయమని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. ఇంతవరకూ తీయలేదు. రెండు పేర్లతో బతికేవాళ్ళని దొంగ క్రైస్తవులని వేలెత్తి చూపే పెద్దమనుషులు, అటు హిందూత్వ వాళ్ళైనా ఇటు సంఘ పెద్దలైనా, ముందు ఆ ఉత్తర్వు చదవాలి.

కానీ నాన్న చేసింది ఏమిటో కూడా చూడాలి కదా. అది ఎవరి నుదుటి మీదా కనపడదు. ఆయన దాని గురించి చర్చిలో ఒక్కసారీ సాక్ష్యం చెప్పలేదు. చెప్పినా ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎందుకంటే ఆ కథలో చివర్న ఉద్యోగం రాదు. మన సాక్ష్యాలన్నీ ఒకే మూసలో ఉంటాయి. కష్టం, ప్రార్థన, ఉద్యోగం. కష్టం, ప్రార్థన, వీసా. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోయింది అన్న సాక్ష్యానికి ఆ మూసలో చోటెక్కడ? పైకెత్తి ప్రార్థించడానికి కవరుండదు మరి.

అబద్ధం మీద కాగితం వద్దన్న మనిషి కొడుకుని, అబద్ధపు కాగితంతో ఉద్యోగం తెచ్చుకుని ఆయన కూర్చున్న చర్చిలోనే నిలబడి దేవుడిచ్చాడన్నాను. నాన్నకి తెలుసో లేదో చాలా ఏళ్ళు నాకు తెలియలేదు. నాలుగేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు మాటల్లో అడిగాను. "నువ్వు ఆ రెండేళ్ళూ ఇంట్లోనే ఉన్నావు గదరా అబ్బాయా. నాకు తెలీకేం" అన్నాడు. మరి ఎందుకు ఊరుకున్నావంటే, "మీ అమ్మ అంత సంతోషంగా ఉండటం చూసి చానా రోజులైంది" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఈ వ్యాసం చదివి కొంతమంది మిత్రులు, ముఖ్యంగా మతాన్ని దాటి వచ్చామనుకునేవాళ్ళు, మంచి మనిషిగా బతికితే చాలదా, వేరుగా ఉండాలన్న పట్టు ఎందుకు అంటారు. లడ్డూ తినేసి, బొట్టు పెట్టుకుని, అందరిలో కలిసిపోరాదా అంటారు. ఈ సలహా ఇచ్చేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను. దేవుడి గూట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది, దాన్ని సంస్కృతి అంటారు. నాది మాత్రం మతం. కలిసిపోవాల్సింది ఎప్పుడూ మేమే. పేరయ్య నాటికి ఊరు చెప్పిందీ అదే కదా, అందరూ చేసేదే నువ్వూ చెయ్యి అని. కాదన్నందుకే మా వాళ్ళకి చదువొచ్చింది, ఒక ఆదివారం వచ్చింది, పల్లెలో నిటారుగా నడిచే నడక వచ్చింది. కాబట్టి వేరుగా ఉండటం నాకు కావాలి. అది నుదుటి దగ్గరే ఆగిపోవడం మీదే నా తగువు.

నుదుటి దగ్గర, నాలుక దగ్గర కాపలా కాసేవాళ్ళ వల్ల ఏం పోగొట్టుకున్నామో తెలుగు చదువరులకి చెప్పక్కర్లేదు. గుర్రం జాషువా హిందూ పురాణాలు చదివాడని, ఆ కథలతో పద్యాలు రాశాడని క్రైస్తవ పెద్దలు ఆయన్ని వెలివేశారు. అటు ఊరు ముట్టుకోలేదు, ఇటు సంఘం ఒప్పుకోలేదు. ఆ మనిషే 'క్రీస్తు చరిత్ర' రాశాడు, 1964లో దానికే సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇవాళ మన సభల్లో ఆయన ఫోటోకి దండ. మరోవైపు దోర్నకల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఉన్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు, తిరునల్వేలి వైపు నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో తిరిగినవాడు. ఆయన కట్టించిన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. చూస్తే హిందూ గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు ఒకచోట చేరినట్టుంటుంది. ఆకారం చూసి ఆయన భయపడలేదు. ఆయన పల్లెల్లో తరిమికొట్టాలన్న దయ్యాలు నాలుగు, మురికి, రోగం, అప్పు, తాగుడు. నాలుగూ సోమవారం నుంచి శనివారం దాకా ఉండేవే. ఇవాళ్టి మా తరం దయ్యాల జాబితా ఎవరైనా రాస్తే అందులో ఈఎమ్ఐ తప్పకుండా ఉండాలి. నా శుక్రవారం సంతకం వెనక ఉన్నది ఫ్లాటు అప్పే, ఇంకేదో పెద్ద శోధన కాదు.

జక్కయ్య కథ మీరు వినే ఉంటారు, పొట్టివాడు, చెట్టెక్కినవాడు. పిల్లల పాటల్లో చెట్టు దగ్గరే ఆపేస్తాం. ఆయన మాట్లాడింది మాత్రం లెక్క. ఆస్తిలో సగం పేదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. సాక్ష్యంలో అంకెలున్నాయి. నా లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. నా అబద్ధపు రెండేళ్ళ వల్ల ఆ ఇంటర్వ్యూలో నిజం చెప్పి వెనక్కి పోయినవాడు ఎవడో నాకు తెలియదు. వాడికి నాలుగంతలు ఎలా ఇవ్వాలి? ఇప్పుడు నేను ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చుంటాను. ఎదుటివాడు లేని ప్రాజెక్టు గురించి చెప్తుంటే రెండో నిమిషంలో తెలిసిపోతుంది, ఆ తడబాటు నాకు కొత్త కాదు. కొందర్ని పంపించేశాను. పంపించేసి వచ్చి మధ్యాహ్నం అన్నం తినలేకపోయిన రోజులున్నాయి.

మా పాస్టరుగారిని కలిసి, ఒక ఆదివారం ఐదు నిమిషాలు ఇవ్వండి, 2012లో చెప్పిన సాక్ష్యం సరిదిద్దుకోవాలి, ఊరి చర్చిలో తర్వాత చెప్తాను, ముందు ఇక్కడి కుర్రాళ్ళు వినాలి అన్నాను. ఆయన మంచివాడు. చాలాసేపు ఆలోచించి, "నీ మనసు నాకర్థమైంది బ్రదర్. కానీ యువతకి తప్పుడు సంకేతం వెళ్తుందేమో. క్రిస్మస్ అయ్యాక చూద్దాం" అన్నారు.

క్రిస్మస్ దాకా ఆగకుండా పోయిన శనివారం ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. నేను చేసింది మొత్తం చెప్పాను, నలభై వేలతో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. నన్ను తిడతాడేమో, లేకపోతే "అయితే నేనూ పెట్టుకుంటా, మీకేం కాలేదు కదా" అంటాడేమో అనుకున్నాను. రెండోది అంటే నా దగ్గర జవాబు లేదు. వాడు అడిగింది వేరే. "మరి గ్యాప్ ఎట్టా చూపించాలన్నా రెజ్యూమేలో?" అన్నాడు. కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టావా అంటే, సోమవారం కట్టాలి అన్నాడు.

సాయంత్రం ఇంటికి రమ్మన్నాను. లాప్‌టాప్ తెచ్చుకున్నాడు. వాడు నిజంగా చేసినవి మాత్రమే ఉంచి మిగతావన్నీ తీసేశాం. అర పేజీ మిగిలింది. అక్షరాల సైజు పెంచుదామా అన్నాడు. వద్దన్నాను. చేతిలో ఉన్న ఏడాదిన్నరలో ఏమేం చేశావో ఒక్కోటీ చెప్పమంటే, చర్చికి సౌండ్ సిస్టమ్ వైరింగు తనే చేశానని, పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్తున్నానని చెప్పాడు. ఇందులో ఏది రాయొచ్చో తేల్చుకునేసరికి పదైంది. మా ఆవిడ ఉప్మా చేసి పెట్టింది.